మా ఇంటి దండెం ఎందుకు కిందికి ఉండేది? తెలుగు సినిమా రచయితలకు, దర్శకులకు, నిర్మాతలకు ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. యాదాద్రి భువనగిరి జిల్లాలో నేత పని చేసుకునే ఇంట్లో పుట్టాను. సినిమా ఫీల్డులో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. టికెట్ కొనుక్కుని సినిమా చూడటం తప్ప మీతో నాకు వేరే సంబంధం లేదు. కానీ ఆ సంబంధం నలభై ఏళ్లది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా ఇంటి దండెం గురించి చెప్పాలి. వాకిట్లో బట్టలారేసే దండెం మా ఇంట్లో అందరి ఇళ్లలోకన్నా చాలా కిందికి ఉండేది. నాన్న పంచె ఆరేస్తే అంచు మట్టికి తగిలేది. చీరలైతే నాలుగు మడతలు వేసి ఆరేయాల్సి వచ్చేది. నాన్న విసుక్కుని రెండు మూడుసార్లు పైకి కట్టాడు. కట్టిన ప్రతిసారీ రెండు రోజులు తిరక్కుండానే అది మళ్లీ కిందికి దిగేది. అమ్మే దింపేది. ఎందుకని మేం ఎప్పుడూ అడగలేదు. పిల్లలకు ఇల్లు ఎలా ఉంటే అదే పద్ధతి అనిపిస్తుంది కదా.

అమ్మ ఆసు పోసేది. పోచంపల్లి చీరకు చిటికీలు, అంటే పోగులకు రంగు అంటకుండా వేసే ముడులు, కట్టి రంగులద్దే ముందు పోగును ఒక లెక్క ప్రకారం పేర్చుకోవాలి. ఈ పక్కన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పోగు పట్టుకున్న చెయ్యి ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేలు. మగ్గం మీద మగవాళ్లు కూర్చునేవాళ్లు, ఆసు మాత్రం ఆడవాళ్ల పని. ఏడాదికి 250 రోజులు అనుకున్నా, ఇరవై ఏళ్లకు 9 కోట్ల సార్లు. లెక్కల టీచర్ని కాబట్టి ఈ లెక్క నేనే వేసుకున్నాను. ఈ లెక్క వేసేసరికి నాకు నలభై ఆరేళ్లు. అప్పటికి అమ్మ కుడిచెయ్యి భుజం కన్నా పైకి లేచి ఎన్నేళ్లయిందో.

నాకు ఆ లెక్క వేయాలని అనిపించేలా చేసింది మీ సినిమానే. 2019 జూన్‌లో మల్లేశం వచ్చింది. మా పక్క ఊళ్ల మనిషి, తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి, దానికి తల్లి పేరు కలిపి లక్ష్మీ ఆసు అని పెట్టుకున్న చింతకింది మల్లేశం గారి కథ. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాజ్ రాచకొండ తీశారు, తల్లిగా ఝాన్సీ గారు చేశారు. అమ్మను హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాను. సినిమా మొదలైన కాసేపటికి పక్కకు తిరిగి చూస్తే, చీకట్లో అమ్మ కుడిచెయ్యి కదులుతోంది. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి, వేళ్ల మధ్య ఏ పోగూ లేకుండా, అటూ ఇటూ పోతోంది. తెర మీద ఝాన్సీ గారి చెయ్యి ఎంత వేగంతో తిరుగుతుంటే అమ్మ చెయ్యి అంత వేగంతో తిరుగుతోంది. ఆమెకు తెలిసి చేస్తున్న పని కాదది.

బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగాను. "ఆమె ఆసు మంచిగనే పోసింది బిడ్డా. భుజం ఇంకింత వంగాలె" అంది. బస్సు ఎక్కాక చాలాసేపటికి, కిటికీలోంచి చూస్తూ, "గా దండెం నీకు అడ్డం తగిలేది గదా, యాదికున్నదా?" అని అడిగింది. చెయ్యి పైకి లేవదు కాబట్టి తనే దింపి కట్టుకునేదాన్నని అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను చూడనిది ఒక సినిమా చూపించింది. ఆ పని చేసినందుకు మీకు దండం పెట్టాలి. అలాంటివి ఇంకా చేయమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒక్కటే. ఆడవాళ్ల పనిని చూపించండి. ఏం పని చేస్తున్నారు, చేతులు ఎలా కదులుతున్నాయి, ఎన్ని గంటలకు లేస్తున్నారు, ఎప్పుడు తింటున్నారు, డబ్బులు ఎవరి చేతికి వస్తున్నాయి? ఇవి నిజాయితీగా చూపిస్తే చాలు, మా బతుకు గురించి పాత్రలతో ఉపన్యాసాలు చెప్పించాల్సిన పని ఉండదు.

ఇది తెలుగు సినిమాకు చేతకాని పని కాదు. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకాన్ని సి.పుల్లయ్య గారు వరవిక్రయం పేరుతో 1939లో సినిమాగా తీశారు. భానుమతి గారికి అదే మొదటి సినిమా. వరకట్న నిషేధ చట్టం 1961లో గానీ రాలేదు. అంటే చట్టం కన్నా 22 ఏళ్ల ముందే మన సినిమా కట్నం గురించి మాట్లాడింది. అదే కాలంలో వితంతు వివాహం మీద మళ్ళీ పెళ్లి, సుమంగళి వచ్చాయి. బోసినవ్వుల తాతలూ పట్టుచీరల పెళ్లిళ్లూ తప్ప కుటుంబ కథ అంటే వేరే ఏముంటుందని ఇప్పుడు అడిగేవాళ్లు ఆ సినిమాలను ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

నాకు బాగా దగ్గరైన సినిమా అంతులేని కథ. 1976లో బాలచందర్ గారు తీసింది. నేను చాలా తర్వాత టీవీలో చూశాను. జయప్రద గారు చేసిన సరిత ఉద్యోగం చేసి ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది. జీతం తెచ్చేది ఆమె, మాటలు పడేది కూడా ఆమే. ఆ సినిమాలో నాకు నచ్చిందేమిటంటే, సరిత నోరు మంచిది కాదు. కటువుగా మాట్లాడుతుంది, లెక్క అడుగుతుంది, విసుక్కుంటుంది. ఇంటెడు మంది బరువు మోస్తున్న మనిషి గొంతు అలాగే ఉంటుంది. మంచిది అనిపించుకోవడానికి ఆమెను మెత్తగా, నవ్వుతూ ఉండేదానిలా రాయలేదు. చివరికి ఆమెకు దక్కాల్సిన పెళ్లి కూడా దక్కదు, మళ్లీ ఆఫీసుకే బయల్దేరుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ల చదువులు నా జీతం మీద నడిచిన రోజుల్లో, నాకు సరిత గుర్తొచ్చేది. నేను కూడా ఇంట్లో గట్టిగా మాట్లాడుతున్నానని అందరూ అనేవాళ్లు. తెర మీద నాలాంటిది ఒకతి ఉందన్న ధైర్యం ఎంత పెద్దదో మీకు చెప్పలేను.

ఇంకొకటి దాసి. బి.నర్సింగరావు గారు 1988లో తీశారు. నిజాం కాలంలో, దొరసాని పెళ్లయి వచ్చేటప్పుడు కట్నంతో పాటు సామాను లెక్కన గడీకి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటికి, వచ్చిన ఆడపిల్ల కమలాక్షి కథ. ఇలా పంపిన వాళ్లను మా వైపు ఆడబాప అనేవాళ్లు. మా నాయనమ్మ ఆ మాటను గొంతు తగ్గించి పలికేది. అప్పటికి గడీలు కూలి ఎన్నో ఏళ్లయినా గొంతు మాత్రం పెరగలేదు. ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. కమలాక్షి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేస్తుందో చూస్తూ ఉంటాం, అంతే. నీళ్లు, చీపురు, పక్క. దొర పిలిస్తే వెళ్లాలి. గర్భం వస్తే తీయించుకోమని దొరసాని అంటే అదీ చేయాలి. ఆమె శరీరం కూడా గడీలో ఒక పాత్రసామానే అని అర్థమవడానికి ఒక్క డైలాగ్ అవసరం రాలేదు. అర్చన గారికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్ గారికి, కళకు తోట వైకుంఠం గారికి, దుస్తులకు సుదర్శన్ గారికి, ఉత్తమ తెలుగు చిత్రంగా సినిమాకు, మొత్తం ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. నేను మా పదో తరగతి పిల్లల్ని దాసి పేరు విన్నారా అని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. తెలంగాణ చరిత్ర పాఠంలో వెట్టి గురించి చదువుకునే పిల్లలు వాళ్లు. ఇలాంటి సినిమాలను మంచి ప్రింటుగా తయారు చేసి స్కూళ్లకు, కాలేజీలకు అందేలా చేయడం నిర్మాతల సంఘాలూ ప్రభుత్వ సినిమా సంస్థలూ కలిసి చేయగలిగిన పని. కొత్త సినిమా ఒక్క పాటకు పెట్టే ఖర్చులో అయిపోతుందని నా నమ్మకం.

ఇక్కడ ప్రతిఘటన గురించి కూడా మనసులో మాట చెప్పాలి. 1985లో ఆ సినిమా వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. టి.కృష్ణ గారి సినిమా, విజయశాంతి గారు లెక్చరర్. నడిరోడ్డు మీద ఆమెకు జరిగిన అవమానాన్ని ఊరంతా చూస్తూ నిలబడుతుంది. క్లాసులో ఆమె పాట పాడుతుంటే, మా వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చివర్లో విలన్ మీదికి ఆమె చేతిలో గొడ్డలి లేచినప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ సినిమా అంటే ఇప్పటికీ నాకు గౌరవమే. ఐదేళ్ల తర్వాత కర్తవ్యంలో ఆమె పోలీసు డ్రెస్సు వేసుకుంటే అదే గౌరవం. అయితే ఆ తర్వాత చాలా ఏళ్లు మీ స్టోరీ సిట్టింగుల్లో ఆడదాని కథ అంటే రెండే దారులు మిగిలాయి. అయితే గొడ్డలి పట్టాలి, లేకపోతే ఏడవాలి. గొడ్డలి పట్టినా తెల్లారి నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడాల్సిందే కదా. ఆ తెల్లారి సంగతి ఎవరూ రాయలేదు. ఇంటర్వెల్ బ్యాంగ్ రాదని, ఎలివేషన్ ఉండదని అంటారేమో. మా అమ్మ చెయ్యి చీకట్లో కదలడం కన్నా పెద్ద ఎలివేషన్ నేను ఏ థియేటర్లోనూ చూడలేదు.

అసలు ఈ కథలు మీకు ఎక్కడి నుంచి వచ్చేవో గుర్తు చేసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. కోడూరి కౌసల్యాదేవి గారి నవలలు డాక్టర్ చక్రవర్తి (1964), ప్రేమనగర్ (1971) అయ్యాయి. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలతో జీవన తరంగాలు, మీనా, సెక్రటరీ వచ్చాయి. రంగనాయకమ్మ గారి బలిపీఠం 1975లో సినిమాగా వచ్చింది. మా అత్తయ్య వారపత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పుస్తకంగా చేసుకునేది. అవి చేతులు మారి మారి మా వాడ మొత్తం తిరిగేవి. ఆడవాళ్లు రాశారు, ఆడవాళ్లు చదివారు, వాళ్లు చదివారు కాబట్టి నిర్మాతలు కొన్నారు, సినిమా వచ్చాక వాళ్లే మ్యాట్నీకి వెళ్లారు. ఆ గొలుసు ఎక్కడో తెగింది. వారపత్రికలు తగ్గాక కథలు వెతకడం కూడా ఆగిపోయింది. ఇప్పుడు కథా చర్చల్లో పదిమంది కూర్చుంటే అందులో ఆడవాళ్లు ఎందరు? ఒక్కరున్నా, హీరోయిన్ డైలాగులు కాస్త చూడండమ్మా అని అడగడానికే పిలుస్తున్నారా, లేక కథ మొత్తం మీద ఆమె మాట చెల్లుతుందా? బయట ఉండి నేను తేల్చి చెప్పలేను. సినిమా చూస్తే మాత్రం తెలిసిపోతుంది. అన్నం గిన్నె ఎంత వేడిగా ఉందో తెలియనివాళ్లు రాసిన వంటిల్లు చూడగానే తెలుస్తుంది.

దర్శకుల సంగతి కూడా అంతే. భానుమతి గారు 1953లోనే చండీరాణిని మూడు భాషల్లో తీశారు. సావిత్రి గారు 1968లో చిన్నారి పాపలు తీశారు, సంగీతం పి.లీల గారిది. విజయనిర్మల గారు 44 సినిమాలకు దర్శకత్వం చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఇంత చరిత్ర ఉన్న చోట, ఇవాళ దర్శకురాళ్ల పేర్లు చెప్పమంటే నందినీరెడ్డి గారి తర్వాత ఆగి ఆలోచించుకోవాల్సి వస్తోంది.

వంటిల్లు అన్నాను కాబట్టి చెబుతున్నాను. 2021లో మలయాళంలో జియో బేబీ గారు తీసిన ది గ్రేట్ ఇండియన్ కిచెన్ చూసే ఉంటారు. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి. సింకు కింద పైపు లీకవుతుంటుంది. ప్లంబర్‌ను పిలవమని మొగుడితో చెబుతుంది, అతను మర్చిపోతాడు. మళ్లీ చెబుతుంది, మళ్లీ మర్చిపోతాడు. సినిమా మొత్తం ఆ మురికి నీళ్లు కారుతూనే ఉంటాయి. కొట్టడం లేదు, తిట్టడం లేదు, విలన్ లేడు. అందరూ మర్యాదస్తులే. నేను మా స్టాఫ్‌రూంలో ఐదుగురు టీచర్లతో ఆ సినిమా గురించి మాట్లాడితే, ఐదుగురూ తమ ఇంటి పైపు కథ చెప్పారు. ఒకావిడది గ్యాస్ స్టవ్ బర్నరు, ఇంకొకావిడది బాత్రూం తలుపు గడియ. భాష రాకపోయినా, సబ్‌టైటిల్స్ పూర్తిగా చదవకపోయినా అందరికీ అర్థమైంది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే నెల ఉంటుంది, సంక్రాంతికి అరిసెల పాకం ముందు అర్ధరాత్రి దాకా నిలబడే ఆడవాళ్లు ఉంటారు. ఆ కాళ్ల నొప్పుల మీద తెలుగులో ఒక సినిమా ఎందుకు రాకూడదు? మన కుటుంబ సినిమాల్లో పండగ అంటే పొడుగు టేబుల్, ఇరవై మంది భోజనాలు, నవ్వులు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అలాంటి సీను గురించి అడిగింది: "టీచర్, గంత మంది తిన్నరు గదా, గిన్నెలు ఎవరు తోమిన్రు?" ఆ పిల్ల ఇంట్లో తోమేది తనే. అందుకే ఆమెకు ఆ ప్రశ్న వచ్చింది.

ఈ మధ్య వచ్చిన మంచి సినిమాలను నేను మర్చిపోలేదు. కేరాఫ్ కంచరపాలెంలో (2018) ఆఫీసరు ఆమె, అటెండరు అతను. పెళ్లీడు దాటిన అతనికి, కూతురున్న ఆమెకు మధ్య పుట్టిన ఇష్టాన్ని వెంకటేష్ మహా గారు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చూపించారో. మా కొలీగ్ ఒకావిడ భర్త పోయిన ఎనిమిదేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ సినిమా చూశాకే ఇంట్లో వాళ్లతో నోరు తెరిచి చెప్పగలిగానని ఆమే నాతో అంది.

35 చిన్న కథ కాదు (2024) గురించి మాత్రం కాస్త ఎక్కువ చెబుతాను, నా సబ్జెక్టు కదా. తిరుపతిలో కండక్టరు భార్య సరస్వతి. పదో తరగతి తప్పింది. లెక్కల్లో వెనకబడిన కొడుకు కోసం తను లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ గారు చేశారు. ఆ సినిమా ఓటీటీలో వచ్చిన తర్వాత మా స్కూలుకు ఒక పిల్లవాడి తల్లి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "టీచరమ్మా, నాకు గా భిన్నాలు జర చెప్తరా? నా కొడుకు అడుగుతుండు, నాకు తెల్వదంటే సిగ్గయితుంది" అంది. బడి వదిలాక సాయంత్రం నాలుగున్నరకు రమ్మన్నాను. వెనక బెంచీలో కూర్చుని, కొంగుతో చేతులు తుడుచుకుని పెన్ను పట్టుకునేది. సగం, పావు, ముప్పావు ఆమెకు ముందే తెలుసు, రోజూ బియ్యం కొలిచే చెయ్యి కదా. రాసి చూపించడం తెలియదు, అంతే. మూడు వారాలు వచ్చింది. పత్తి ఏరే రోజులు మొదలయ్యేసరికి రాలేకపోయింది. కొడుకు నోట్‌బుక్ వెనక పేజీల్లో ఆమె వేసిన లెక్కలు ఇంకా ఉన్నాయి, వాడు చూపించాడు. ఒక సినిమా ఒక మనిషిని బడి తలుపు దాకా తీసుకురాగలిగింది. కలెక్షన్ల లెక్కల్లో ఇది ఎక్కడా రాదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మరో సంగతి కోపంతోనే చెబుతున్నాను, క్షమించాలి. అమ్మాయి వద్దన్నా వెంటపడి, ఏడిపించి, చివరికి ఒప్పించే హీరోలను మీరు దశాబ్దాలుగా చూపించారు. పాటలు పెట్టారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో తొమ్మిది చదివే అమ్మాయి వెంట ఒక అబ్బాయి బస్‌స్టాప్ దాకా రోజూ పడేవాడు. ఎవరు ఏం చేశారో తెలుసా? అమ్మాయి బడి మాన్పించారు. మరుసటి ఏడాది పెళ్లి చేశారు. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడితే, వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. తను చేసింది తప్పని వాడికి ఎవరూ చెప్పలేదు. లవ్ అంటే అదే అనుకున్నాడు. 2025 నవంబర్‌లో వచ్చిన ది గర్ల్‌ఫ్రెండ్‌లో రాహుల్ రవీంద్రన్ గారు దాన్నే తిరగేసి అమ్మాయి వైపు నుంచి చూపించారు. ప్రేమ పేరుతో ఊపిరాడకుండా చేసే అబ్బాయి, వాళ్లింట్లో భయంతో మాట పడిపోయినట్టుండే తల్లి. ఆ తల్లిని చూసినప్పుడు హీరోయిన్ భూమకు తన రేపటి రోజు కనిపిస్తుంది. ఆ తల్లిగా చేసిన రోహిణి గారు తెర మీద ఉండేది కాసేపే, కానీ రెండు రోజులు నాకు ఆమె ముఖమే కళ్ల ముందు ఉంది. ఒక్క సినిమాతో నలభై ఏళ్ల అలవాటు పోదు. అందుకే ఇలాంటివి వరసగా రావాలి, ముఖ్యంగా మగపిల్లలు చూసేలా రావాలి.

లేడీ ఓరియెంటెడ్ సినిమాలకు ఓపెనింగ్స్ రావని, ఆడవాళ్లు థియేటర్‌కు రావడం మానేశారని మీరు అంటుంటారు. మా వైపు నుంచి కూడా వినండి. శుక్రవారం సినిమా వస్తుంది. శుక్ర, శనివారాలు మాకు పని రోజులు. ఆదివారం పొద్దున ఇంటెడు బట్టలు, మధ్యాహ్నం వంట. తీరిక దొరికేది రెండింటి మ్యాట్నీకే. అప్పటికి ఆ సినిమాను తీసేసి పెద్ద సినిమాకు ఇంకో స్క్రీన్ ఇచ్చేస్తారు, లేదంటే రాత్రి పదింటి షో ఒక్కటే ఉంచుతారు. రాత్రి పదింటి షో చూసి మా ఊరికి ఏ బస్సు ఎక్కాలి? మా చిన్నప్పుడు థియేటర్లో ఆడవాళ్లకు వేరే టికెట్ కౌంటర్ ఉండేది, వేరే వరసలు ఉండేవి. మాసిన చీరల మీదే, చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు నలుగురు సినిమాకు వెళ్లాలంటే ఒక కూలి మనిషి కొన్ని రోజుల సంపాదన పోతుంది. ఆడవాళ్ల సినిమాకు కనీసం రెండు వారాల పాటు మ్యాట్నీ ఉంచండి. చిన్న ఊళ్లలో ఆ ఒక్క ఆటకైనా టికెట్ ధర తగ్గించండి. బాత్రూంలు శుభ్రంగా పెట్టించండి. ఇవి చేసి చూశాక కూడా మేం రాకపోతే అప్పుడు అడగండి, సమాధానం చెబుతాం.

కథలు లేవని మాత్రం అనకండి. నిజామాబాద్, సిరిసిల్ల వైపు వెళ్లండి. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లు గల్లీ గల్లీకి కనిపిస్తారు. మొగుడు గల్ఫ్‌లో ఉంటే, ఫోన్లో వచ్చే గొంతుతోనే పదిహేనేళ్లు సంసారం చేసిన ఆడవాళ్లు జగిత్యాల వైపు ఎందరో. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు ఒలిచే షెడ్లలో తెల్లారుజామున షిఫ్టుకు వెళ్లే అమ్మాయిల వేళ్లు చూడండి. అమెరికాలో కూతురి పురుడికో, కోడలి పురుడికో ఆరు నెలలు వెళ్లి, మంచు కిటికీ పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడే తల్లులు ఉన్నారు. భాష రాదు, కారు నడపడం రాదు, వీధిలో మాట్లాడే మనిషి కనిపించదు. డాలర్లలో కొలిస్తే ఆ ఆరు నెలల పనికి ఎంత అవుతుందో వాళ్లెప్పుడూ లెక్క వేసుకోలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట కథ ఉంది. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, సారా మీద పాఠం చదివి, ఆ పాఠంలో ఉన్నట్టే ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించే దాకా వెళ్లింది. చదువు, కరువు, మొగుళ్ల చేతి దెబ్బలు, పోలీసులు, గెలుపు, అన్నీ ఉన్నాయి అందులో. గొడ్డలి అవసరం రాలేదు, చీపుళ్లూ కారప్పొడీ సరిపోయాయి. మంచి బడ్జెట్‌తో, ఆ ఊరి యాసతో, అక్కడి ఆడవాళ్లనే కొందరిని నటింపజేసి తీస్తే చూడటానికి మేం సిద్ధంగా ఉన్నాం.

తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇంటర్వెల్ తర్వాత హీరో వచ్చి ఆమె సమస్య తీర్చే కథగా మార్చకండి. మల్లేశంలో కూడా, కనిపెట్టింది కొడుకే అయినా, కథ ఆ తల్లి భుజం చుట్టూనే తిరిగింది. అందుకే మా అమ్మ చెయ్యి కదిలింది.

లక్ష్మీ ఆసు యంత్రం మా ఇంటికి వచ్చేసరికి అమ్మ భుజం అయిపోయింది. పాత చెక్క ఆసు అటక మీద ఉంది, పారేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. మేకులు వంగలేదు, అక్కడక్కడా పాత పోగు ముక్కలు ఇంకా చుట్టుకుని ఉన్నాయి. మీలో ఎవరైనా కథ వెతుక్కుంటూ మా వైపు వస్తే దింపి చూపిస్తాను. అమ్మ ఇప్పుడు పోయలేదు గానీ, పక్కన కూర్చుని చెయ్యి ఎక్కడ తప్పుతోందో చెబుతుంది. ఆదివారమైతే నేను కూడా ఇంట్లోనే ఉంటాను. మధ్యాహ్నం మూడు దాటాక రండి, అప్పటికి గిన్నెల పని అయిపోతుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
యాదాద్రి భువనగిరి జిల్లా